మా కరెంటు సంస్థకు ఐదుకి మూడు స్టార్లు: బొగ్గు యార్డు నుంచి బూడిద చెరువు దాకా చూశాక

ఫోను కొంటే రివ్యూ రాస్తాం, ఫ్యాను కొంటే రాస్తాం, ఆ రెండూ నడవడానికి కరెంటు ఇచ్చే సంస్థ గురించి మాత్రం ఎవరూ రాయరు. పదకొండేళ్లుగా ఒకే సంస్థ కనెక్షన్ వాడుతున్న నాకూ ఆ ఆలోచన రాలేదు. పోయిన వేసవిలో వరసగా నాలుగు రోజులు, రోజుకు ఐదారు గంటల చొప్పున కరెంటు పోయింది. "సాంకేతిక కారణాల వల్ల అంతరాయం" అని మెసేజ్ పంపారు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న పెద్దావిడ ఉంది, ఆ నాలుగు రోజులూ మేం పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. తర్వాత తెలిసిందేంటంటే యంత్రాలకు ఏమీ కాలేదు, అన్నీ బాగానే ఉన్నాయి, వాటిలో వేయడానికి బొగ్గే చాలినంత లేదు.

అప్పట్నుంచి వదల్లేదు. వాళ్ల వార్షిక నివేదికలో ఇంధనం గురించిన పేజీలన్నీ చదివాను, సందర్శకులను రానిచ్చే రోజున బొగ్గు ప్లాంటుకూ దాన్ని ఆనుకుని ఉన్న గ్యాస్ ప్లాంటుకూ వెళ్లొచ్చాను, ఉత్తరం రాసి నాలుగు ప్రశ్నలు అడిగాను. కాబట్టి ఇది బిల్లుల మీదో కాల్ సెంటర్ మీదో రివ్యూ కాదు. మన కోసం వాళ్లు ఏం తగలబెడుతున్నారు, దాన్ని ఎక్కణ్నుంచి తెస్తున్నారు, ఎలా దాస్తున్నారు, కాలాక మిగిలిందాన్ని ఏం చేస్తున్నారు, అంతవరకే.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్తాను, ఎందుకంటే అది నిజంగా మెచ్చుకోదగ్గదే. బొగ్గు యార్డు.

బొగ్గంటే నల్ల రాళ్ల గుట్ట, వర్షం పడినా ఎండ కాసినా దానికేం అవుతుంది అనుకునేవాణ్ని నేను. అస్సలు కాదు. తవ్వి తీసిన క్షణం నుంచి బొగ్గు గాల్లోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూనే ఉంటుంది, పీల్చుకున్నప్పుడల్లా కాస్త వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోతే ఇబ్బంది లేదు, గుట్ట లోపల చిక్కుకుంటే పెరిగి పెరిగి ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది. నాసిరకం బొగ్గు, లిగ్నైటు అయితే ఇంకా తొందరగా. యార్డు చూసే పెద్దాయన ఒకరు నన్ను గుట్ట వాలు దగ్గరికి తీసుకెళ్లి, పొడవాటి ఇనుప గొట్టం ఒకటి లోపలికి దించి, అందులోకి వైరుతో ఉన్న థర్మామీటరు వదిలారు. రెండు నిమిషాలాగి 47 డిగ్రీలు చూపించింది. "అరవై వైపు పోతుంటే మాకు నిద్ర ఉండదండీ" అన్నారు. ఆ గొట్టం దిగిన చోటికి దగ్గర్లోనే తెల్లటి సున్నంతో గీసిన గుర్తులున్నాయి, ఒక్కో గుర్తు పక్కన తేదీ. ఎక్కడ ఎప్పుడు వేడి చూశారో ఆ గుట్ట మీదే రాసి ఉంది.

మరి వేడెక్కితే నీళ్లు కొట్టరా అని అడిగాను. పై పొర తడుస్తుందే కానీ లోపలి వేడి అలాగే ఉంటుందట, పైగా నీళ్లు పారిన దారుల్లోంచి గాలి లోపలికి పోతుందట. వేడెక్కిన భాగాన్ని తవ్వి, పక్కకు లాగి, పల్చగా పరిచి, చల్లారాక మళ్లీ పేర్చి తొక్కించాలి. అసలు మందు మాత్రం ముందే వేయాలి: బొగ్గును ఒక్కసారిగా కుప్ప పోయకుండా పొరలు పొరలుగా పరచడం, ప్రతి పొరనూ బుల్డోజర్‌తో తొక్కించి మధ్యలో గాలి లేకుండా చేయడం, ముందొచ్చింది ముందు వాడేయడం. నిప్పు లేనిదే పొగ రాదంటాం కదా, ఇక్కడ పొగ కనబడిందంటే నిప్పు అప్పటికే లోపల ఉందని అర్థం, అంటే మనం కొన్న బొగ్గు కొంత ఎవరికీ కరెంటు ఇవ్వకుండా కాలిపోయిందని అర్థం. నేను చూసినంతలో ఎక్కడా పొగ లేదు. ఈ ఒక్క పనికి ఐదుకి ఐదు ఇస్తాను, అది పూర్తిగా యార్డులో ఎండలో నిలబడే వాళ్ల గొప్పతనం.

తర్వాత ల్యాబు. ఇక్కడ నా కళ్లు తెరుచుకున్నాయి. రైల్లో వేల టన్నుల బొగ్గు వస్తుంది, దాని నాణ్యతను తేల్చేది ఒక్క గ్రాము పొడి. వ్యాగన్లలో అక్కడక్కడా తీసిన బొగ్గును నలగ్గొట్టి, కలిపి, కుప్పగా పోసి, పైన చదును చేసి, నాలుగు భాగాలుగా కోస్తారు. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచి మిగతా రెండూ పక్కన పెడతారు. మళ్లీ కలుపుతారు, మళ్లీ కోస్తారు. అలా తగ్గించుకుంటూ పోయి, మెత్తగా పొడి చేసి, చివరికి గ్రాము పొడిని ఉక్కు గిన్నెలో పెట్టి, ఆక్సిజన్ బాగా ఒత్తిడితో నింపి, నీళ్లలో ముంచి వెలిగిస్తారు. నీళ్లు ఎంత వేడెక్కాయో చూసి కిలో బొగ్గులో ఎన్ని కిలో కేలరీలున్నాయో లెక్కగడతారు. ఆ కుప్ప కోసే దగ్గర పెద్ద ముక్కలు ఒక పక్కకి, దుమ్ము ఒక పక్కకి చేరేలా చేయి తిప్పితే చాలు, మొత్తం రైలు లెక్క మారిపోతుంది.

అది ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్క చూడండి. మామూలు బొగ్గు ప్లాంటు ఒక యూనిట్ కరెంటు తీయడానికి దాదాపు 2,400 కిలో కేలరీల వేడి ఖర్చు పెడుతుంది అనుకుందాం. నిజానికి ఒక యూనిట్ అంటే 860 కిలో కేలరీలే, మిగతాది చిమ్నీలోంచీ కూలింగ్ నీళ్లలోంచీ పోతుంది. కిలోకు 4,000 వచ్చే బొగ్గయితే యూనిట్‌కు 600 గ్రాములు సరిపోతాయి, 500 మెగావాట్ల యూనిట్ (ఇక్కడ యూనిట్ అంటే ప్లాంటులో ఒక బాయిలరు, టర్బైన్ జత) పూర్తిగా నడిస్తే గంటకు 300 టన్నులు. అదే బొగ్గు 3,500కి జారితే గంటకు 340 టన్నులు దాటుతుంది, అంటే రోజుకు వెయ్యి టన్నులు అదనం. యార్డులో 20 రోజుల స్టాకు ఉందని కాగితం మీద రాసుకున్నది నిజానికి పదిహేడు రోజుల చిల్లరే. గుట్ట సైజు అంతే ఉంటుంది, చూడ్డానికి తేడా తెలియదు.

గని దగ్గర లోడ్ చేసినప్పుడు వేసిన గ్రేడుకూ (కేలరీలను బట్టి ఇచ్చే నాణ్యత స్థాయి) ప్లాంటులో దించాక తేలిన గ్రేడుకూ తేడా రావడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. వీళ్లు శాంపిల్ తీసేటప్పుడు మూడో పక్షాన్ని పెడుతున్నారు, ప్రతి శాంపిల్‌లో ఒక భాగాన్ని సీలు వేసి గొడవ వస్తే తేల్చుకోవడానికి విడిగా దాస్తున్నారు. సీలు వేసిన డబ్బాల అలమార చూశాను, పద్ధతిగా ఉంది. కానీ నివేదికలో ఏడాది మొత్తానికి ఒకే ఒక్క సగటు అంకె వేశారు. కొన్న గ్రేడెంత, వచ్చిన గ్రేడెంత, ఆ తేడాకి డబ్బు వెనక్కి వచ్చిందా లేదా, ఒక్క లైను లేదు. ఆ తేడా బిల్లు కట్టేవాళ్లే మోస్తారు, మరి మాకు తెలియకపోతే ఎలా? నా మొదటి ప్రశ్న ఇదే.

ఇక స్టాకు సంగతి. నా కోపమంతా ఇక్కడే.

వేసవిలో వాడకం పెరుగుతుందని ఎవరికి తెలియదు? అయినా దానికి ముందు మూడు నెలలు వీళ్లు యార్డును పల్చబరుస్తూ వచ్చారు. కారణం దాచలేదు, నేను అడిగితే అక్కడి ఇంజనీరు ఒకాయన చెప్పారు: యార్డులో ఉన్న బొగ్గంటే కదలకుండా పడున్న డబ్బు, ఆర్థిక సంవత్సరం చివర్లో లెక్కలు బాగా కనబడాలంటే స్టాకు తగ్గించాలని పై నుంచి ఒత్తిడి ఉంటుంది. తగ్గించారు. ఎండలు అనుకున్నదానికంటే ముందే ముదిరాయి, రైళ్లు ఆలస్యమయ్యాయి, యార్డు ఊడ్చుకుపోయింది, అప్పుడు ఎక్కడ దొరికితే అక్కడ, ఎంత చెబితే అంత పెట్టి కొన్నారు. దాహం వేశాక బావి తవ్వడం అంటే ఇదే. దాచుకోవడానికి వీలున్న ఇంధనాన్ని దాచుకోకపోవడం నాకు అన్నిటికంటే పెద్ద బాధ్యతారాహిత్యంగా అనిపించింది. బొగ్గుకు వెయ్యి లోపాలున్నాయి, దానికున్న ఒకే ఒక్క సుగుణం గుట్ట పోసి ఉంచగలగడం. దాన్నీ వాడుకోలేకపోతే ఇంక దేనికి?

అదే గ్యాస్ అయితే అలా కుదరదు. గ్యాస్ ప్లాంటుకు యార్డంటూ ఉండదు, పైపులో వచ్చింది వచ్చినట్టు కాలిపోతుంది, పైపు ఆగితే ప్లాంటు ఆగుతుంది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో జరిగింది ఇదే. చలికి గ్యాస్ బావుల దగ్గర పరికరాలు గడ్డకట్టాయి, గ్యాస్ తగ్గి ప్లాంట్లు ఆగాయి, కరెంటు తగ్గిందని కోతలు పెడితే ఆ కోతల్లో గ్యాస్‌ను తోసే కేంద్రాలకే కరెంటు పోయి గ్యాస్ ఇంకా తగ్గింది. 40 లక్షలకు పైగా ఇళ్లు చీకట్లో ఉన్నాయి, 200 మందికి పైగా చనిపోయారు. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన రెండు వ్యవస్థలు ఒకదాన్నొకటి కిందికి లాక్కెళ్లాయి. అందుకే మా సంస్థ గ్యాస్ ప్లాంటులో నేను మొదట అడిగింది, పైపు ఆగితే ఏం చేస్తారు అని. టర్బైన్లు డీజిల్ మీద కూడా నడుస్తాయట, మూడు రోజులకు సరిపడా ట్యాంకు ఉందట. బాగానే ఉంది. కానీ డీజిల్ ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే అడుగున నీరు చేరుతుంది, ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి బురదలాంటి జిగురు చేరుతుంది, అవసరమైన రోజున అది ఫిల్టర్లలో ఇరుక్కుంటుంది. ట్యాంకు అడుగు నుంచి తీసిన సీసా చూపించమన్నాను, చూపించారు, స్వచ్ఛంగానే ఉంది. నిజంగా డీజిల్ మీద టర్బైన్ నడిపి చూసేది మాత్రం ఏడాదికి ఒక్కసారేనట. నాకైతే చాలదనిపించింది.

గ్యాస్ బొగ్గు కంటే శుభ్రం అని నివేదికలో నాలుగు చోట్ల రాశారు. కాలేటప్పుడు అది నిజమే. కంబైన్డ్ సైకిల్ ప్లాంటులో, అంటే గ్యాస్ టర్బైన్ వదిలిన వేడితో ఆవిరి టర్బైన్ కూడా నడిపే ప్లాంటులో, యూనిట్‌కు కార్బన్ డయాక్సైడ్ బొగ్గుతో వచ్చేదాంట్లో సగం కంటే తక్కువ వస్తుంది. కానీ గ్యాస్ అంటే మీథేన్, కాలకుండా గాల్లో కలిస్తే ఇరవై ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. బావి దగ్గర్నుంచి బర్నర్ దాకా దారిలో కొద్ది శాతం లీకైనా ఆ శుభ్రత చాలావరకు ఆవిరైపోతుంది. వాళ్ల గేటు లోపల లీకులు చూడ్డానికి ప్రత్యేక కెమెరా ఉంది. గేటు బయట, అమ్మేవాళ్ల వైపు ఎంత లీకవుతుందో అడిగారా అంటే "అది సరఫరాదారుల పరిధి" అన్నారు. కొనేవాళ్లు అడగకపోతే అమ్మేవాళ్లు ఎందుకు చెప్తారు? ఇది నా రెండో ప్రశ్న.

ఏ ఇంధనమైనా ఒక్కదాన్నే నమ్ముకుంటే ఒంటిస్తంభం మేడే. బ్రెజిల్ జలవిద్యుత్తును నమ్ముకుంది, 2001లో వానలు ముఖం చాటేసేసరికి దేశంలో చాలా భాగం నెలల తరబడి కరెంటు రేషన్‌లో బతికింది. యూరప్‌లో చాలా దేశాలు రష్యా గ్యాస్‌ను నమ్ముకున్నాయి, 2022లో యుద్ధం మొదలయ్యాక ఏమైందో అందరం చూశాం. ఈ విషయంలో మా సంస్థ పర్వాలేదు. బొగ్గు, గ్యాస్, నీరు, సౌర, గాలి, కొంత అణు విద్యుత్తు కొనుగోలు, అన్నీ ఉన్నాయి. అయితే బొగ్గులో నాలుగింట మూడొంతులకు పైగా ఒకే వైపు గనుల నుంచి, ఒకే రైలు మార్గంలో వస్తోంది. జాబితాలో ఆరు రకాలు కనబడినా ఆ ఒక్క రైలు మార్గం తెగితే చాలు, మళ్లీ నాలుగు రోజుల కథే.

కాంట్రాక్టుల పేజీ ఎవరూ చదవరు, దయచేసి చదవండి. బొగ్గు ప్లాంటులో పాత యూనిట్‌ను ఫలానా సంవత్సరానికి మూసేస్తామని ముందు పేజీల్లో పెద్ద అక్షరాలతో ఉంది. వెనక పేజీల్లో ఆ యూనిట్ కోసమే చేసుకున్న బొగ్గు ఒప్పందం ఆ తేదీ దాటాక కూడా ఆరేళ్లు నడుస్తోంది, అదీ తీసుకున్నా తీసుకోకపోయినా కనీస మొత్తానికి డబ్బు కట్టాల్సిన రకం. మరి మూస్తారా, మూయరా? మూస్తే ఆ డబ్బెవరు కడతారు? ఇది మూడో ప్రశ్న. మూయడం చేతకాని పనేం కాదు. బ్రిటన్ 1882లో లండన్‌లో బొగ్గుతో కరెంటు అమ్మడం మొదలుపెట్టి 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు ప్లాంటు రాట్‌క్లిఫ్‌ను ఆపేసింది. 2012లో కూడా అక్కడ దాదాపు 40 శాతం కరెంటు బొగ్గుదే. పన్నెండేళ్లలో సున్నాకి తెచ్చారంటే తేదీ ముందే చెప్పి, ఒప్పందాలూ ఉద్యోగాలూ లైన్లూ ఆ తేదీకి తగ్గట్టు సర్దుకుంటూ వచ్చారు కాబట్టే.

సౌర విద్యుత్తు గురించి ఎక్కువ రాయను, నివేదిక అట్ట మీద నుంచి చివరి పేజీ దాకా వాటి ఫొటోలే. మంచిదే. పగలు పన్నెండింటికి పుష్కలంగా ఉంటుంది, సాయంత్రం అందరం ఇళ్లకు చేరి స్విచ్చులు వేసే వేళకు ఉండదు. ఆ మధ్యాహ్నం పూట బొగ్గు యూనిట్లను పూర్తిగా ఆపలేరు, మళ్లీ వెలిగించడానికి గంటలు పడుతుంది, అందుకని సగం లోడులో నడుపుతారు. సగం లోడులో నడిచే ప్లాంటు ప్రతి యూనిట్ కరెంటుకూ ఇంకా ఎక్కువ బొగ్గు తింటుంది. ఈ మాట నివేదికలో ఎక్కడా లేదు. వీళ్ల బ్యాటరీ రెండు గంటలది, సాయంత్రం మొత్తానికి ఆనదు. పాత జలాశయాల్లో ఒకదాన్ని పంప్డ్ స్టోరేజీగా మార్చే పని నడుస్తోందన్నారు, మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి ఎక్కించి సాయంత్రం కిందికి వదలడం. అది పూర్తయితే ఈ పేరా మార్చి రాస్తాను.

బూడిద దగ్గరికొద్దాం. చిమ్నీలోంచి పోయే సన్నటి బూడిదను కరెంటు పలకలతో పట్టే యంత్రాలు బాగా పనిచేస్తే 99 శాతానికి పైగా పట్టేస్తాయి. పొడిగా పట్టిన బూడిద సిమెంటుకీ ఇటుకలకీ పోతుంది, అది మంచి సరుకు. మిగిలింది నీళ్లతో కలిపి బూడిద చెరువులోకి వదులుతారు. ఆ చెరువు గట్టు మీద నడిచాను. ఒక పక్క బూడిద రంగు నీళ్లు, రెండో పక్క కిందికి చూస్తే పొలాలు. 2008 డిసెంబరు 22న అమెరికాలో టెనెసీలోని కింగ్‌స్టన్ ప్లాంటు దగ్గర ఇలాంటి గట్టే తెగి దాదాపు 41 లక్షల ఘనపు మీటర్ల బూడిద బురద చుట్టుపక్కల ఇళ్ల మీదికీ నదిలోకీ పోయింది. తర్వాత శుభ్రం చేయడానికి ఏళ్లు పట్టింది, ఆ పని చేసిన కూలీలు ఎంతోమంది జబ్బుపడ్డామని కోర్టుకెక్కారు. ఆ గట్టు మీద నిలబడ్డప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. మా సంస్థ గట్టులో నీటి ఒత్తిడి చూసే గొట్టాలు దింపింది, రిజిస్టరులో వారం వారం అంకెలున్నాయి, కానీ చివరి మూడు వారాల గళ్లు ఖాళీ. అడిగితే మనిషి సెలవులో ఉన్నాడన్నారు. గట్టుకి సెలవు ఉండదు కదండీ.

ఇంకోటి, "నూరు శాతం బూడిద వినియోగం" అని బోర్డు పెట్టారు. అందులో పల్లపు నేలలు నింపడం కూడా కలిపేశారని లోపలికెళ్లి అడిగితే తెలిసింది. ఇటుకైన బూడిదా, అడుగున ఏ అడ్డుపొరా లేకుండా గోతిలో పోసిన బూడిదా ఒకే లెక్కలోకి వస్తే అవి కాకిలెక్కలే. వాన నీళ్లు దిగితే ఆర్సెనిక్ లాంటివి భూగర్భ జలంలోకి చేరే ప్రమాదం ఉంది. ఏది ఎంతో విడివిడిగా వేయమన్నది నా నాలుగో ప్రశ్న.

ఒక మంచి మాట మర్చిపోకూడదు. ఒక యూనిట్‌లో టర్బైన్ దాటిన ఆవిరిని చల్లార్చి నీళ్లు చేసే కండెన్సర్ గొట్టాలు మార్చి, ఆవిరి లీకులు ఆపి, సామర్థ్యాన్ని, అంటే బొగ్గు వేడిలో కరెంటుగా మారే వాటాను, 36 శాతం నుంచి 38కి తెచ్చారు. రెండే కదా అనిపిస్తుంది, కానీ అదే కరెంటుకు బొగ్గు ఐదు శాతం తగ్గుతుంది. గని తవ్వకం, రైలు, యార్డు, పొగ, బూడిద, అన్నిట్లో ఐదు శాతం. నివేదిక అట్ట మీద ఉండాల్సింది ఇది, 83వ పేజీలో చిన్న పట్టికలో పడేశారు. నేను ఈ విషయం మాట్లాడితే అక్కడి ఆపరేటరు ముఖం వెలిగిపోయింది, ఆ పని చేసిన షిఫ్టులో ఆయనా ఉన్నారట.

నాలుగు ప్రశ్నలకూ ఉత్తరం రాస్తే మూడు వారాలకు జవాబొచ్చింది. బూడిద లెక్క వచ్చే నివేదికలో విడగొట్టి వేస్తామన్నారు, మీథేన్ వివరాలు సరఫరాదారులను అడుగుతామన్నారు. గ్రేడు తేడా గురించీ, మూసివేత తేదీ దాటిన ఒప్పందం గురించీ "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్క. అందుకే మూడు స్టార్లు. యార్డు, ల్యాబు, కండెన్సర్ కోసం ఆ మూడు. పోయిన రెండూ స్టాకు పల్చబరిచి దాన్ని సాంకేతిక కారణం అన్నందుకు, ఆ రెండు ప్రశ్నలకు జవాబు ఇవ్వనందుకు.

మీదీ ఇదే సంస్థ కనెక్షన్ అయితే ఎండలు ముదరకముందే ఒక ఉత్తరం పడేయండి: యార్డులో ఎన్ని రోజుల స్టాకు ఉంది, ఆ రోజులు టన్నుల్లో లెక్కా, కేలరీల్లో లెక్కా అని. నేను ఈ ఏడాది రెండు నెలల ముందే రాశాను. 22 రోజులు, కేలరీల్లో, అని వారంలోనే జవాబు వచ్చింది.